కరుణాకర్ అన్నయ్య స్వస్థత

మొన్న వేసవిలో ఒక సాయంత్రం రూతమ్మ మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి, "టీచరమ్మా, కరుణాకర్ గారు మీ నాన్నగారి దగ్గర ఎన్నాళ్లకి బాగయ్యేరండి?" అని అడిగింది. బడి నుంచి రిటైరయి చాలా కాలమైనా అనకాపల్లిలో మా పేటకి నేనింకా టీచరమ్మనే. గోరుచిక్కుళ్లు తుంపుతున్నదాన్ని చేతులు ఆపి ఆమె ముఖం చూశాను. కళ్లు లోపలికి పోయాయి, పెదవులు ఎండిపోయాయి. అసలే షుగరున్న మనిషి. ఒంట్లో బాగోలేదా అంటే, "ఉపవాసం పట్టేనండి. మా ప్రవీణు బాగయ్యేనని నోటితో సెప్పినదాకా మజ్జిగ తప్ప ఏటీ ముట్టనండి" అంది. చిన్నప్పుడు మా ఇంట్లో ఇలాంటి ఉపవాసం ఒకటి చూశాను. దాని సంగతి రాద్దామనే ఇప్పుడు కూర్చున్నాను. పేర్లు మార్చి రాస్తున్నాను, ఊరు మాత్రం మార్చలేను.

ప్రవీణ్ రూతమ్మకి ఒక్కగానొక్క కొడుకు. పరవాడలో మందుల కంపెనీలో కెమిస్టు. సంబంధాలు చూస్తానని తల్లి వెంటపడితే ఇక దాచలేక, నాకు ఆడపిల్లల మీద మనసు లేదమ్మా, నేను ఇష్టపడ్డది ఒకబ్బాయిని అని చెప్పేశాడట. రూతమ్మ ఆ మాట కడుపులో పెట్టుకోలేక, ప్రార్థన చెయ్యండని ఇద్దరు ఆడవాళ్లకి చెప్పింది. మా సంఘంలో ప్రార్థన అంశం చెప్పడమంటే మైకు పెట్టి చెప్పడమే. వారం తిరక్కుండా పెద్దలు కూడి ప్రవీణ్‌కి బల్ల ఆపేశారు. తెలియనివాళ్లకి చెప్పాలి కదా, మాది చిన్న ప్రెస్బిటేరియన్ సంఘం. నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది. ఒక రొట్టెముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. తప్పు చేశాడనుకున్నవాణ్ణి మావాళ్లు గుడిలోంచి గెంటరు, బల్ల ఆపుతారు. అందరూ లేచి వరుసగా ముందుకు వెళ్తుంటే వాడొక్కడూ బెంచీలో కూర్చుని తన చేతులు తను చూసుకోవాలి. అంతకన్నా చెంపదెబ్బ నయం. నాలుగు రోజులకి నొప్పి పోతుంది.

సరిగ్గా అదే సమయానికి పై సభ నుంచి, అంటే మా సంఘాలన్నిటి మీదా ఉండే ప్రెస్బిటరీ నుంచి, ఒక కాగితం వచ్చింది. ఇలాంటివాళ్లకి బల్ల ఇవ్వొచ్చా, కూడదా, వాళ్లని బాగుచేసే పరిచర్య ఏమైనా పెట్టాలా, ఒక్కొక్క సంఘం తన అభిప్రాయం చెప్పాలి. మా పెద్దల్లో పెద్ద మోజెస్ గారు నాకు ఫోన్ చేశారు. "అమ్మా, మన సంఘంలో ఈ బాధ నయమైన మనిషి ఒకే ఒక్కడు, కరుణాకర్. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. అదంతా మీ కళ్లముందు, మీ ఇంట్లో జరిగింది. మీరొచ్చి రెండు మాటలు చెబితే మీ నాన్నగారి పరిచర్య మళ్లీ మొదలెడదాం" అన్నారు. వస్తానన్నాను. నిజమేమిటో తెలిసినవాళ్లలో బతికున్నదాన్ని నేనొక్కదాన్నే.

మా నాన్నగారు ఆ సంఘానికి పాస్టరు. గుడి వెనక మూడుగదుల పెంకుటింట్లో ఉండేవాళ్లం. బెల్లం సీజన్లో గాలి ఎటు వీచినా మార్కెట్టు వాసనే. వంటింట్లో ఈగలు, బట్టలకి తీపి కంపు, బండ్ల మీంచి దిమ్మలు దించేవాళ్ల కేకలు. బల్ల ఉండే ఆదివారానికి ముందు శనివారం మాత్రం ఇల్లంతా వేరే వాసన. అమ్మ ఎండుద్రాక్ష నానబెట్టి, కాచి, చల్లారాక చేత్తో పిసికి, పాత చీర గుడ్డలో వడగట్టేది. గుడ్డ పట్టుకోవడం నా పని. పక్కన పెనం మీద పులియని రొట్టె కాలేది. నాన్నగారు ముందుగదిలో తలుపేసుకుని ప్రసంగం రాసుకునేవారు. ఆయన సన్నటి మనిషి, మెత్తటి మనిషి. పిల్లిని కూడా "వెళ్లమ్మా" అని తోలేవారు. గోడకి మేకు కొట్టమంటే వేలు కొట్టుకునేవారు. అమ్మకి జ్వరమొస్తే చారు పెట్టేది, నా జడ వేసేది ఆయనే. ఈ మాటలు ఎందుకు చెబుతున్నానో ముందుముందు తెలుస్తుంది.

కరుణాకర్ అన్నయ్యని వాళ్ల నాన్న యలమంచిలి నుంచి తీసుకొచ్చాడు. రైల్వేలో పట్టాల మీద పనిచేసే మనిషి. అన్నయ్యకి అప్పుడు ఇరవై దాటి ఉంటాయి. చేతిలో రేకుపెట్టె, కంటి కింద కమిలిన మచ్చ. ఒక స్నేహితుడితో ఉండగా ఎవరో చూశారట. "అయ్యగారూ, సంపినా పర్లేదండి, బాగుసేసి పంపండి. బాగవ్వకపోతే నా గుమ్మం ఎక్కొద్దని సెప్పండి" అని వాళ్ల నాన్న పెట్టె మా అరుగు మీద పెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. పాస్టరుని మావాళ్లు అయ్యగారనీ, ఆయన భార్యని అమ్మగారనీ అంటారు. అన్నయ్య చివరిదాకా వాళ్లిద్దర్నీ అలాగే పిలిచాడు, నన్ను మాత్రం వచ్చిన రోజు నుంచీ సెల్లీ అన్నాడు.

ఈ విషయం మీద నాన్నగారికి పోస్టులో చిన్నచిన్న ఇంగ్లీషు పుస్తకాలు వచ్చేవి. తండ్రి ప్రేమ దొరకని మగపిల్లవాడు ఆ ప్రేమని ఇంకో మగవాడి దగ్గర వెతుక్కుంటాడనీ, తండ్రిలా చేరదీసి మగవాళ్ల పనులు నేర్పిస్తే దారిలో పడతాడనీ వాటి సారాంశం. నాన్నగారు నమ్మేశారు. ఎవరినైనా ప్రేమించమని చెబితే ఆయన నమ్మకుండా ఎలా ఉంటారు? మర్నాటి నుంచి అన్నయ్య భోజనం ఆయన పక్కనే. సైకిలు మీద ఎక్కడికి వెళ్లినా వెనక అన్నయ్య. క్షవరానికి ఇద్దరూ కలిసే. సాయంత్రం పెరట్లో కట్టెలు కొట్టడం నేర్పేవారు. గొడ్డలి ఎత్తితే ఆయన పంచె ఒకవైపు, గొడ్డలి ఒకవైపు. అమ్మ వంటింటి కిటికీలోంచి చూసి, "మీకే సేతకాదు, ఆడికేటి నేర్పుతారండీ, కాలు నరుక్కుంటే నేనే సావాలి" అనేది. అన్నయ్య పట్టాల మీద పనిచేసేవాడి కొడుకు. గొడ్డలి పట్టడం మా నాన్నగారికి వాడే నేర్పాలి. అయినా రానట్టు నిలబడి, "ఇలాగేనా అయ్యగారూ" అని అడిగి, ఆయన చెప్పినట్టే తప్పుగా కొట్టేవాడు. అప్పుడు నాకు నవ్వొచ్చేది.

వంటింట్లోకి మాత్రం అన్నయ్య అడుగుపెట్టకూడదు. ఆడపనులకి దూరంగా ఉంచాలని ఆ పుస్తకాల్లో ఉందట. కానీ అమ్మకి మణికట్టు నొప్పి, పిండి పిసకలేదు. శనివారం నాన్నగారు తలుపేసుకోగానే అన్నయ్య పెరటివైపు నుంచి వచ్చి పిండి ముందు కూర్చునేవాడు. నూనె చుక్క వేసి, అరచేతి మొదలుతో నొక్కి మడిచి, మళ్లీ నొక్కి, అరగంటలో మెత్తగా చేసిపెట్టేవాడు. మర్నాడు గుడిలో ఆ రొట్టె అందరూ తినేవాళ్లు, అన్నయ్య తప్ప. బల్ల ఆపింది మా నాన్నగారే. ఇద్దరి మధ్యా ఎంత ప్రేమున్నా ఆ ఒక్క విషయంలో ఆయన మెత్తబడలేదు. నియమం నియమమే అనేవారు. చెప్పి, అన్నయ్య కూర్చున్న బెంచీ వైపు చూడలేక కళ్లజోడు తుడుచుకునేవారు.

రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక నాన్నగారు అన్నయ్య భుజం మీద చెయ్యివేసి, జ్వరం అడిగినట్టు, "ఎలా ఉంది నాన్నా?" అనేవారు. అన్నయ్య తలొంచుకుని, "ఉంది అయ్యగారూ" అనేవాడు. అబద్ధం చెప్పడం అప్పటికి వాడికి రాదు. కొన్ని నెలలు గడిచేసరికి నాన్నగారికి లోపం తనలోనే ఉందనిపించింది. ఉంది అని అన్నయ్య చెప్పిన రోజున ఆయన మధ్యాహ్నం తినకుండా ప్రార్థనలో ఉండటం మొదలుపెట్టారు. తర్వాత రాత్రి తిండీ మానేశారు. మధ్యమధ్య గ్లాసుడు గంజి. అమ్మ వండిన అన్నం వండినట్టే ఉండేది, పొద్దున చద్దన్నంగా మేం తినేవాళ్లం. "ఆడి కోసం మీరు సచ్చిపోతే ఆడు బాగవుతాడా?" అని అమ్మ ఒకసారి పళ్లెం విసిరికొట్టింది. మా ఇంట్లో పళ్లెం మోగడం అదే మొదటిసారి. ఆ వారమే నాన్నగారు బెల్లం మార్కెట్టు దగ్గర సైకిలు మీంచి పడిపోయారు. వెనక కూర్చున్న అన్నయ్యే ఆయన్ని చేతుల మీద ఎత్తుకుని ఇంటిదాకా నడిచి వచ్చాడు. కడుపులో పుండు పడిందని డాక్టరు చెప్పాడు. తినమన్నాడు. నాన్నగారు నవ్వి ఊరుకున్నారు.

మర్నాడు పొద్దున మంచంలోంచే ఆయన అడిగారు, ఎలా ఉంది నాన్నా అని. అన్నయ్య తల పైకెత్తి సూటిగా ఆయన కళ్లలోకి చూసి, "లేదు అయ్యగారూ, పోయింది" అన్నాడు. నాన్నగారు లేచి కూర్చుని వాణ్ణి వాటేసుకుని పసిపిల్లాడిలా ఏడ్చారు. ఆ పూట పప్పుచారుతో రెండుసార్లు అన్నం కలుపుకున్నారు. మేమందరం చుట్టూ నిలబడి ఆయన తింటుంటే చూశాం. నేను కూడా దేవుడికి దండం పెట్టుకున్నాను. నాకేం తెలుసు?

తెలిసింది ఆ శనివారం. అన్నయ్య పిండి పిసుకుతున్నాడు, నేను గుడ్డ పట్టుకున్నాను, అమ్మ రసం వంపుతోంది. "నాకేటీ తగ్గలేదమ్మగారూ" అన్నాడు, తలెత్తకుండా. అమ్మ వంపడం ఆపలేదు. "తెలుసురా" అంది. గిన్నె కింద పెట్టి, "అయ్యగారికి సెప్పకు. తట్టుకోలేరు" అంది. "సెప్పనండి" అన్నాడు. అంతే. బాగుచెయ్యడానికి తెచ్చినవాడు, బాగుచేసే ఆయన్ని బతికించుకున్నాడు. మర్నాడు గుడిలో లేచి సాక్ష్యం చెప్పాడు, ప్రభువు నన్ను విడిపించాడని. బల్ల దగ్గర నాన్నగారు తన చేత్తో వాడికి రొట్టె ఇచ్చారు. అన్నయ్య ఆ ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. జనం స్తోత్రం అన్నారు.

అక్కడితో అయిపోయి ఉంటే ఎంత బాగుండేది. సాక్ష్యం సంగతి చుట్టుపక్కల సంఘాలకి పాకింది. ఎక్కడ సభ పెట్టినా కరుణాకర్ గారిని పంపండనేవాళ్లు. తల్లిదండ్రులు కొడుకుల్ని తీసుకొచ్చి మా అరుగు మీద వదిలేవాళ్లు. నాన్నగారు వాళ్లందరికీ అన్నయ్యని చూపించేవారు. వీడు బాగయ్యాడు, నువ్వెందుకు బాగవ్వవు నాన్నా అనేవారు, ఎంతో ప్రేమగా. కొందరు పారిపోయారు, కొందరు పెళ్లి చేసుకున్నారు. పాయకరావుపేట నుంచి వచ్చిన ఒకబ్బాయి మాత్రం, కరుణాకర్ అన్నకి పోయిందే, నాకు పోలేదంటే దేవుడికి నేనక్కర్లేదు అని ఏడుస్తూ ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్లిన నెలలోనే ప్రాణం తీసుకున్నాడు. ఆ కబురు వచ్చిన రోజు అన్నయ్య పెరట్లో కూర్చుని గోడకేసి తల కొట్టుకున్నాడు. అమ్మ వెళ్లి పట్టుకుంది. నాన్నగారు, పాపం, వాడు ఆ అబ్బాయి మీద ప్రేమతో ఏడుస్తున్నాడనుకున్నారు.

నాన్నగారు రెండు మూడు సంబంధాలు తెచ్చారు. ఆ ఒక్క విషయంలో అన్నయ్య ఆయన మాట వినలేదు. సేవకే ఉండిపోతానండి అన్నాడు. గుడి తలుపులు తీసి, బెంచీలు తుడిచి, గంట కొట్టి, పక్కనున్న ఒంటిగదిలో ముసలివాడైపోయాడు. నాన్నగారి చివరి రోజుల్లో మంచం దగ్గర అన్నీ వాడే చూశాడు. ఆయన పోయాక చాలా కాలానికి నేనే అడిగాను, ఇంకా ఎందుకన్నయ్యా ఆ సాక్ష్యం, నిజం చెప్పెయ్యొచ్చు కదా, ఆ పిల్లలైనా బతుకుతారు కదా అని. "ఇప్పుడు సెప్తే అయ్యగారు బతికినదంతా అబద్ధమైపోద్ది సెల్లీ. నాకు సొంత నాన్న ముద్ద పెట్టలేదు, ఆయన పెట్టేరు. నా నోటితో ఎలాగంటాను?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంటికొచ్చి అంట్లు తోముకున్నాను. వాడు పోయినప్పుడు సమాధి పెట్టె మీద జయించినవాడు అని రాయించారు.

అందుకే ఆ సమావేశానికి వెళ్లాను. ఒకడి అబద్ధాన్ని పట్టుకుని ఇంకొకణ్ణి గానుగలో పెడుతుంటే, అక్కడ రూతమ్మ తిండి మానేసి కొడుకు ఎదురుగా ఎండిపోతుంటే, ఇంక నోరు మూసుకోలేకపోయాను. గుడి పక్క హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు. సభ్యులందరినీ రానిచ్చారు. రూతమ్మా ప్రవీణూ వెనక వరుసలో ఉన్నారు. గంటసేపు వాదించుకున్నారు గానీ ఒక్కరి నోటినుంచీ అసలు మాట రాలేదు. అందరూ "నాలుగో అంశం" అన్నారు, ఎజెండాలో అది నాలుగోది కాబట్టి. నాలుగో అంశం ఉన్నవాళ్లు, నాలుగో అంశం లేనివాళ్లు. ఇప్పటి పాస్టరుగారు కుర్రాడు. బల్ల మనది కాదు, ప్రభువుది, ఆపడానికి మనమెవరం అన్నాడు. ఎవరూ బలపరచలేదు. తర్వాత నన్ను లేవమన్నారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. గొడ్డలి, గంజి, సైకిలు, ఎందుకు పోయిందన్నాడో, శనివారం వంటింట్లో ఏమన్నాడో. పాయకరావుపేట అబ్బాయి గురించీ చెప్పాను. మా నాన్నగారు మంచివారే, కానీ ఆ పరిచర్యలో ఎవరూ బాగవ్వలేదు, బాగవ్వడానికి అది జబ్బు కాదు, ప్రవీణ్‌ని వదిలెయ్యండి, రూతమ్మకి అన్నం పెట్టండి అన్నాను. నా మాట తగిలిందనే అనుకున్నాను. మోజెస్ గారు కళ్లజోడు తీసి కళ్లొత్తుకున్నారు. "అమ్మా, వింటుంటే నా ఒళ్లు జలదరించింది" అన్నారు. "లోపల అంత పోరాటం పెట్టుకుని కూడా చివరిదాకా నిలబడ్డాడా కరుణాకర్! నయమైపోయి నిలబడటంలో గొప్పేముంది? నయం కాకుండా నిలబడ్డాడు చూడండి, అదీ స్వస్థత. మనం అడిగేది అంతే కదా?" ఎవరో స్తోత్రం అన్నారు. ఆ పాయకరావుపేట అబ్బాయో అన్నాను. "అది అపవాది పని, సాతాను పని తల్లీ" అన్నారు, ఎంతో జాలిగా. పరిచర్య మళ్లీ పెట్టాలని తీర్మానం రాసుకున్నారు. పేరు మా నాన్నగారిది పెడతారట. బయటికొస్తుంటే రూతమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీ నాన్నగారు సివరికి తిన్నారు కదండి" అంది. ఆ కథంతా విని ఆమెకి అందింది అదొక్కటే.

అప్పుడు ఇంగ్లీషు పుస్తకాలు పోస్టులో నెలలకి వచ్చేవి, ఇప్పుడు అదే సరుకు తెలుగులో వీడియోలుగా ప్రతి ఫోన్లోనూ ఉంది. అప్పుడు అన్నయ్యకి తనలాంటివాళ్లు ప్రపంచంలో ఇంకెవరైనా ఉన్నారని కూడా తెలియదు. ప్రవీణ్‌కి అన్నీ తెలుసు. ఇది నేరం కాదని చట్టం చెప్పిందని పెద్దలకి చెప్పాడు, డాక్టర్లు జబ్బు కాదన్నారని చెప్పాడు, జీతముంది, కావాలంటే హైదరాబాదులో ఉద్యోగముంది. ఎంత మారిందీ లోకం అని నేనూ మురిసిపోయినదాన్నే. మారినవన్నీ ఇంటి బయటే మారాయని ఇప్పుడు తెలుస్తోంది. ఎదురుగా కన్నతల్లి అన్నం మానేసి కూర్చుంటే చట్టమేం చేస్తుంది? మా నాన్నగారి రోజుల్లో అయితే కనీసం, తెలియక చేశారు అనుకోవడానికైనా ఉంది. ఇప్పుడు నేను నిలబడి చెప్పాను, విన్నారు, విని చేశారు.

మొదటి ఆదివారం వచ్చింది. పాటయ్యాక, సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అని పాస్టరుగారు అడిగారు. ప్రవీణ్ లేచాడు. ఇస్త్రీ చొక్కా, తడిజుట్టు. మైకు పట్టుకుని, ప్రభువు తనని ముట్టాడనీ, తనలో ఇప్పుడు ఆ తలంపు లేదనీ, అమ్మ ఉపవాస ప్రార్థన ఫలించిందనీ చెప్పాడు. తడబడలేదు. రూతమ్మ బెంచీ మీంచి జారి మోకాళ్ల మీద పడి ఏడ్చింది. మోజెస్ గారు వెళ్లి వాణ్ణి కౌగిలించుకున్నారు. వరుసలో నా ముందు నలుగురైదుగురి అవతల ప్రవీణ్ నడిచాడు. రొట్టె తీసుకున్నాడు. నా వంతు వచ్చేసరికి నేను పక్కకి తప్పుకుని బయటికి వచ్చేశాను. ఇన్నేళ్లలో బల్ల వదులుకోవడం అదే మొదటిసారి.

మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే వెనకాలే వచ్చాడు. వాడి ముఖంలో ఏడుపు గానీ కోపం గానీ లేవు. పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లాడిలా తేలిగ్గా ఉన్నాడు. వంగి నా చెప్పులు దగ్గరికి జరిపి, "మా అమ్మ నిన్న రాత్రి అన్నం తిందండి" అన్నాడు. ఇంకేదో చెప్పాలని ఆగి, గుడి తలుపు వైపు ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించాడు. "చాలా థాంక్సండి టీచర్. ఏం చెయ్యాలో తెలీక నెలరోజులు చచ్చిపోయేను. ఆవేళ మీరు కరుణాకర్ గారి సంగతి చెప్పేకే నాకు తెలిసిందండి."